ఊఁ ఎక్కడ ఆగింది? చిన్నపిల్లలు కథకు, పుస్తకానికి దూరమయ్యే సమస్యలు - పరిష్కారాలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని అంగన్‌వాడీ కేంద్రాల్లోనూ, ఎల్‌కేజీ, యూకేజీ గదుల్లోనూ మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు కథలు చెబుతూ, చెప్పేవారికి మెళకువలు నేర్పుతూ చాలా ఏళ్ళు గడిపాను. "మా పిల్లలకు కథలంటే ఆసక్తి లేదండి" అని ఎవరు వచ్చినా నేను మొదట అడిగేది ఒక్కటే: కథ చెబుతున్నప్పుడు పిల్లలు ఊఁ కొట్టారా, కొడితే ఏ మాట దగ్గర ఆపేశారు? కొత్త పుస్తకాలు తెప్పించినవారు, గోడలకు రంగులు వేయించినవారు, ఫోనులో వీడియోలు పెట్టి చూసినవారు కూడా ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోతారు. ఊఁ మొదటినుంచీ లేకపోతే లోపం కూర్చున్న తీరులో వెతకాలి; మధ్యలో ఆగితే మాటలో వెతకాలి; చివరిదాకా వినిపించినా పిల్లలు పుస్తకం ముట్టకపోతే బీరువా వైపు చూడాలి.

లక్షణం: రెండు నిమిషాల్లోనే లేచిపోతారు

ఎనిమిది అంగుళాల పుస్తకాన్ని పట్టుకొని ఇరవైమందికి కథ చదివితే, రెండో వరుస తరువాత ఎవరికీ బొమ్మ కనబడదు. అంతకంటె తరచుగా చూసేదేమిటంటే, కార్యకర్త గాలి కోసం గుమ్మానికి వీపు పెట్టి కూర్చుంటారు. వెలుగంతా ఆమె వెనుకనుంచి వస్తుంది కనుక పిల్లలవైపు తిప్పిన పుట చీకటిగా ఉంటుంది. మరికొందరు పుస్తకాన్ని తమవైపు తిప్పుకొని చదివి, పుట అయిపోయాక ఒక్క క్షణం పిల్లలకు చూపించి మడిచేస్తారు. కథ మొదలుపెట్టే ముందు పిల్లలు కూర్చునేచోట మీరే ఒకసారి కూర్చుని చూడండి. గుమ్మం మీకు ఎదురుగా ఉండేలా స్థానం మార్చుకొని, ఐదారుగురిని అర్ధచంద్రాకారంగా కూర్చోబెట్టి, మిగిలినవారిని ఆయాకు అప్పగించి ఆటలో పెట్టండి. మధ్యాహ్నం అన్నం తిన్న వెంటనే కథ పెట్టి, పిల్లలు జోగుతున్నారని ఫిర్యాదు చేయడం న్యాయం కాదు.

లక్షణం: ఊఁ బాగానే మొదలై, నడుమ ఆగిపోతుంది

దీని కారణం పైకి కనబడదు. నన్ను ఏళ్ళ తరబడి మోసగించినది ఇదే.

నక్క ఒకటి వాగు దాటి రాగి చేనులోకి వెళ్ళే కథను ఒక కేంద్రంలో చెబుతున్నాను. బొమ్మ చూపించగానే నాలుగేళ్ళ పిల్ల ఒకతె ఉత్సాహంగా "గెడ్డ, గెడ్డ" అని అరిచింది. "గెడ్డ కాదమ్మా, వాగు అనాలి" అన్నాను. మరో పిల్లవాడు "చోడి చేను" అన్నాడు. "రాగి చేను" అని దిద్దాను. ఆ తరువాత ఊఁ వినబడలేదు. పిల్లలు చేతులు కట్టుకొని, కళ్ళు నామీదే నిలిపి, ఎంతో బుద్ధిగా కూర్చున్నారు. ఆ బుద్ధిమంతనాన్ని చూసి నేను మురిసిపోయాను కూడా. మర్నాడు పుస్తకం తీయగానే ఆ పిల్ల ఆయా చీర చాటుకు వెళ్ళిపోయింది. బెరుకు పిల్ల అనుకున్నాను. అలాంటి బెరుకు పిల్లలు నేను అడుగుపెట్టిన ప్రతి కేంద్రంలోనూ పుట్టుకొస్తున్నారని గ్రహించడానికి నాకు చాలా కాలం పట్టింది.

మనకు ఇంటిమాట, పుస్తకపుమాట రెండూ తెలుసు కాబట్టి వాటి నడుమ ఉన్న దూరం మన చెవికి అందదు. బేగి, గోర్జి, ఏటి, నాను, ఒగ్గేయ్ అనే మాటలతో పెరిగిన పిల్లకు త్వరగా, సందు, ఏమిటి, నేను, వదిలేయ్ అనేవి వినగానే అర్థమయ్యే మాటలు కావు. అయినా అర్థంకాని మాటను పిల్లలు బొమ్మ చూసి దాటేయగలరు. దాటలేనిది దిద్దుబాటును. తాను చూసి, గుర్తుపట్టి, ఆనందంతో పలికిన మాట తప్పని పెద్దవాళ్ళు అనగానే, పుస్తకం ఎదుట నోరు విప్పకపోవడమే క్షేమమని పిల్ల నిశ్చయించుకుంటుంది. దాన్ని మనం ఆసక్తి లేకపోవడం అని రాసుకుంటాం. వాడుకభాష కోసం పోరాడి, సవర అనే గిరిజన భాష నేర్చుకొని, సవర పిల్లలకు వారి భాషలోనే వాచకాలు రాసిన గిడుగు రామమూర్తి 1863లో పుట్టింది ఈ శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలోనే. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరిపి, ఆ మధ్యాహ్నమే గెడ్డ అన్న పిల్లను దిద్దే గదులు నేను చూశాను.

నిర్ధారించుకోవడం తేలిక. పుస్తకం మూసి, అదే కథను పిల్లల ఇళ్ళలో మాట్లాడే తీరులో చెప్పి చూడండి. ఊఁ తిరిగి వస్తే కారణం ఇదే.

పరిష్కారానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. మొదటిరోజు పుస్తకం లేకుండా, గెడ్డ, చోడి చేను, గోర్జి అన్నీ ఉంచి, కథను నోటితోనే చెప్పండి. మీకు ఆ యాస రాకపోతే ఆయాతో చెప్పించండి, చాలాచోట్ల ఆమె మనకంటె బాగా చెబుతుంది. రెండోరోజు పుస్తకం తెరిచి, అక్షరాల జోలికి పోకుండా, బొమ్మలు చూపి పిల్లలచేతనే చెప్పించండి. ఆ తరువాతనే పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదవండి. అప్పుడు గెడ్డ అని వినబడితే, "అవును, గెడ్డే, ఈ పుస్తకంలో దాన్ని వాగు అని రాశారు" అనండి. కాదు అనే మాట రాకుండా రెండో మాట చేరుతుంది. వారానికొకసారి పిల్లలు చెప్పిన రెండు వాక్యాలను చార్టుమీద పెద్ద అక్షరాలతో రాసి, వేలు పెట్టి చదివి వినిపించండి. సెట్టు అన్నదాన్ని చెట్టు అనే రాయమంటాను, ఎందుకంటే ఆ అక్షరం రేపు అన్ని పుస్తకాల్లోనూ అలాగే ఎదురవుతుంది; గెడ్డను మాత్రం గెడ్డగానే ఉంచాలి, వాక్యపు పోకడ పిల్లలదే కావాలి.

మందస, మెళియాపుట్టి కొండల వైపు సవర ఇళ్ళనుంచి, ఇచ్ఛాపురం వైపు ఒడియా ఇళ్ళనుంచి వచ్చే పిల్లల విషయంలో ఈ దూరం యాసతో ఆగదు, భాషే వేరు. అక్కడ వారి నాయనమ్మనో అమ్మమ్మనో వారానికొకసారి పిలిచి కథ చెప్పించాలి. "మాకు చదువు రాదు" అని ఆమె వెనకాడితే, పుస్తకం చదవనవసరం లేదని, బొమ్మ చూసి తోచింది చెబితే చాలని ముందే చెప్పండి.

లక్షణం: కథ వింటారు, పుస్తకం ముట్టరు

పుస్తకాలు బీరువాలో ఉన్నాయి, తాళం చెవి మీ దగ్గర ఉంది. చిరిగితే స్టాక్ రిజిస్టరులో లెక్క తప్పుతుందన్న భయం నాకూ తెలుసు. అయినా పదింటిని బయటపెట్టి, పిల్లల ఛాతీ ఎత్తున గోడకు దారం కట్టి, నడిమి పుట దగ్గర విప్పి వేలాడదీయండి. కొన్ని చిరుగుతాయి, సెలోటేపు అంటించే పనిలో పిల్లలనే కూర్చోబెట్టండి.

మిగిలినవి

ఫోను వల్లనే ఇదంతా అని తల్లిదండ్రులు అంటారు. పైవి సరిచేశాక కూడా ఊఁ రాకపోతే అప్పుడు దాని సంగతి మాట్లాడదాం. కథ అయిన వెంటనే నీతి అడగడం, బొమ్మలోని అక్షరాలు గుర్తుపట్టమనడం మానేస్తే సరిపోతుంది. వెనుకనుంచి మెల్లగా పేరు పిలిచినా తిరగని పిల్లను, పుస్తకం ముక్కుకు ఆనించుకొనే పిల్లను కేంద్రానికి పిల్లల ఆరోగ్య పరీక్షలకు వచ్చే ప్రభుత్వ వైద్యబృందానికి (ఆర్‌బీఎస్‌కే) చూపించాలి, ఇవి అరుదు. ఇక అక్షరాలు రాకుండానే పుటలు తిప్పుతూ కంఠతా వచ్చిన కథను చదివినట్టు అప్పజెప్పే పిల్లల గురించి, చెప్పిన కథే పన్నెండోసారి అడిగే పిల్లల గురించి కూడా నన్ను అడుగుతుంటారు. అక్కడ బాగుచేయవలసింది ఏమీ లేదు. పన్నెండోసారి కూడా చెప్పండి.