పాత స్పోర్ట్స్ కారు చక్రాల పని – 3వ పాఠం: కొత్త వీల్ బోల్టులు ఎంచుకోవడం

గత పాఠంలో చక్రం ఊడదీసి హబ్ (చక్రం బిగుసుకునే ఇరుసు చివరి భాగం) ముఖం మీది తుప్పు గీకేశాం. ఊడిన బోల్టులు పారేయకుండా పక్కన పెట్టుకున్నారు కదా, ఈ పాఠమంతా వాటితోనే పని. ముందుగా ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూడండి. థ్రెడ్ (మర చుట్లు) మొదట్లో తుప్పు గుంటలు పడ్డా, తల అంచులు గుండ్రబడినా, చక్రానికి ఆనే భాగం గీసుకుపోయినా ఆ బోల్టు పని అయిపోయినట్టే. సాగిన బోల్టు అంత తేలిగ్గా కంటికి పట్టుబడదు. రెండు బోల్టులను థ్రెడ్‌లో థ్రెడ్ దిగేలా పక్కపక్కన ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. మొదట్లో సరిగ్గా కూర్చుని, పోనుపోను సందు కనబడితే రెంటిలో ఒకటి సాగింది. ఒక్కటి సాగినా ఆ చక్రానికున్న అన్నిటినీ మార్చండి, ఎందుకంటే అవన్నీ ఒకే బరువు మోశాయి.

బోల్టు చేసే పనేమిటో ముందు స్పష్టం చేసుకుందాం. చక్రం బోల్టుల మీద వేలాడదు. బోల్టులు చక్రాన్ని హబ్‌కు అదిమిపెడతాయి; ఆ రెండు ముఖాల మధ్య రాపిడే బ్రేకు వేసినప్పుడూ మలుపు తిరిగినప్పుడూ చక్రాన్ని జారకుండా పట్టుకుంటుంది. ఎం12 (12 మి.మీ. వ్యాసం) బోల్టును పొడిగా, అంటే గ్రీజు లేకుండా, 110 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పుడు బలం)తో బిగిస్తే సుమారు 45 కిలోన్యూటన్ల అదుము వస్తుంది, అంటే నాలుగున్నర టన్నుల బరువు పెట్టినంత. ఈ అదుము సడలితే చక్రం ముఖం మీద సూక్ష్మంగా కదలడం మొదలవుతుంది, బోల్టు అటూ ఇటూ వంగుతుంది, చివరికి అలసి విరుగుతుంది. విరిగిన బోల్టు చూసి ‘నాసిరకం ఉక్కు’ అనేస్తారు గానీ, చాలాసార్లు అది వదులైన బోల్టే.

ఇక ఎంపిక. థ్రెడ్ ఏదో హబ్ చెబుతుంది, సీటు, అంటే బోల్టు చక్రానికి ఆనే చోటు, ఏదో చక్రం చెబుతుంది. కారు పేరు మాత్రమే చెప్పి బోల్టులు కొంటే సగం సమాచారంతో కొన్నట్టే. పాత కార్లకు యజమానులు మారినప్పుడల్లా చక్రాలు కూడా మారి ఉంటాయి కాబట్టి ఇది మరీ ముఖ్యం.

థ్రెడ్ తేలిక. వెర్నియర్‌తో వ్యాసం కొలవండి: 12 మి.మీ. దగ్గరో 14 దగ్గరో ఉంటుంది. పిచ్‌కు గేజ్ లేకపోయినా ఫర్వాలేదు (పిచ్ అంటే పక్కపక్క థ్రెడ్ శిఖరాల మధ్య దూరం), పక్కపక్కనున్న 11 శిఖరాలను మొదటి నుంచి చివరి దాకా కొలవండి. 15 మి.మీ. వస్తే పిచ్ 1.5, పన్నెండున్నర వస్తే 1.25. బీఎండబ్ల్యూ జెడ్3 వాడేది ఎం12×1.5, ఫియట్ ఎక్స్1/9 వాడేది ఎం12×1.25. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి. తప్పు పిచ్ బోల్టు రెండు మూడు చుట్లు చక్కగా తిరిగి ఆగిపోతుంది. అక్కడ ఇంపాక్ట్ గన్ (యంత్రంతో తిప్పే పానా) పెట్టారంటే పోయేది బోల్టు కాదు, హబ్ థ్రెడ్. అందుకే కొత్త బోల్టు ప్రతిదీ చివరి దాకా వేళ్లతోనే తిరగాలి. బిగుతుగా అనిపిస్తే హబ్ థ్రెడ్‌లో మురికి ఉండొచ్చు. పాత బోల్టు ఒకదానికి థ్రెడ్‌కు అడ్డంగా, పొడవునా హాక్‌సా బ్లేడుతో గాడి కోసి, దాన్ని తిప్పి తీయండి. మురికంతా గాడిలోకి వచ్చేస్తుంది, లోహం తెగదు.

ఎక్కువ మంది తప్పుచేసేది సీటు దగ్గర. చక్రం రంధ్రంలో బోల్టు ఆనే చోటు ఎక్కువగా రెండు రకాలు: 60 డిగ్రీల కోన్, లేదా బాల్, అంటే గోళంలో ఒక ముక్క. జెడ్3 బోల్టు కోన్, అదే ఎం12×1.5 థ్రెడ్ ఉన్న మెర్సిడెస్ ఆర్129 ఎస్ఎల్ బోల్టు 12 మి.మీ. వ్యాసార్ధపు బాల్. ఒకదాని బోల్టు రెండోదానికి హాయిగా ఎక్కుతుంది, బిగుస్తుంది, అనుకున్న బిగువు రాగానే టార్క్ రెంచ్ టిక్కుమంటుంది కూడా. కానీ గోళపు సీటులో కోన్ పడితే తాకేది సన్నని వలయం మాత్రమే. ఆ గీత మీద అల్యూమినియం నలిగి, కొన్ని రోజుల్లోనే బోల్టు వదులవుతుంది.

దీనికన్నా మోసకారి పోర్షే, ఆడి జత. బాక్స్‌స్టర్ 986, మొదటి తరం ఆడి టీటీ రెండూ ఎం14×1.5, రెండూ బాల్ సీటే. కానీ పోర్షే బాల్ వ్యాసార్ధం 14 మి.మీ., ఆడిది 13. చూపుకు తేడా తెలియదు. అందుకని ఈ పరీక్ష చేయండి: చక్రం సీటు తుడిచి, బోల్టు ఆనే భాగమంతా పలచగా మార్కర్ రంగు పూసి, ఆరకముందే చేత్తో బిగించి పావు చుట్టు తిప్పి తీయండి. సీటు మీద వెడల్పయిన పట్టీలా రంగు అంటితే సరైన జత. రంధ్రం అంచున సన్నగీత పడితే బాల్ చిన్నది. సీటు పై అంచున పడితే పెద్దది. రెండూ పనికిరావు.

చక్రాలు బయటి కంపెనీవైతే సీటు చాలావరకు కోన్‌గా ఉంటుంది, కారు అసలు బోల్టు బాల్ అయినా సరే. అసలు చక్రాలకు తిరిగి మారినప్పుడు బోల్టులూ మారాలి, కాబట్టి రెండు సెట్లూ పేరు రాసి విడివిడిగా దాచండి. చక్రాలకు కొత్తగా పౌడర్ కోటింగ్ వేయించారా? సీటులో రంగు పడకూడదు. ఆ పొర నలిగి పలచబడిన కొద్దీ అదుము పోతుంది.

పొడవు. కోన్, బాల్ బోల్టులను సీటు ముగిసిన చోటి నుంచి కొన దాకా కొలుస్తారు. కొందరు అమ్మేవాళ్లు తల కింది నుంచి కొలిచి రాస్తారు. ఎలా కొలిచారో అడక్కుండా ఆర్డరు పెట్టకండి. బోల్టు వ్యాసమంత లోతు హబ్‌లోకి దిగితే నిశ్చింత: ఎం12×1.5కు 8 చుట్లు, ఎం14×1.5కు 9 పైచిలుకు. ఫ్యాక్టరీ బోల్టు అంతకన్నా తక్కువ తిరిగి ఉంటే అదే కనీస హద్దు, దానికి కిందికి వెళ్లొద్దు. స్పేసర్ (చక్రానికీ హబ్ ముఖానికీ మధ్య పెట్టే బిళ్ల) ఎంత మందమో బోల్టు అంత పొడవు పెరగాలి. పొడవు ఎక్కువైనా ప్రమాదమే: బాక్స్‌స్టర్ వెనక డిస్కు లోపల హ్యాండ్ బ్రేక్ షూలు ఉంటాయి, పొడుగు బోల్టు కొన వాటికి తగులుతుంది. అన్ని బోల్టులూ చేత్తో బిగించి, హ్యాండ్ బ్రేక్ వదిలి, చక్రాన్ని నెమ్మదిగా తిప్పి వినండి. టకటకమన్నా గీరుకున్నా ఆపేయండి.

తల మీద 10.9 అని (ఇది ఉక్కు బలం అంకె) ఉన్నది తీసుకోండి. 12.9 ఇంకా మంచిదనుకోవద్దు. ఉక్కు గట్టిపడే కొద్దీ హైడ్రోజన్ వల్ల పెళుసుబారే గుణం పెరుగుతుంది, అలాంటిది బిగించిన గంటలకో రోజులకో ఉన్నట్టుండి తెగుతుంది. హైడ్రోజన్ ఉక్కులోకి చేరకుండా బోల్టులను యాసిడ్‌లో నానబెట్టి తుప్పు తీయకండి, ఇంట్లో జింకు పూత వేయకండి. మెరిసే క్రోమ్ బోల్టులు మేం సిఫారసు చేయం. సీటు దగ్గర పూత పెచ్చులూడితే బిగింపు లెక్క తప్పుతుంది. తల సైజు 17 అయినా 19 అయినా, సాకెట్ చక్రం గుంటలో గోడకు రాసుకోకుండా దిగుతుందో లేదో కొనేముందే చూసుకోండి.

గ్రీజు విషయంలో మీ కారు మాన్యువల్ మాటే చివరి మాట. టార్క్ అంకె ఏ స్థితిలోని థ్రెడ్‌కు ఇచ్చారో ఆ స్థితిలోనే పనిచేస్తుంది. పొడి థ్రెడ్‌కు చెప్పిన అంకెతో గ్రీజు పూసిన బోల్టు బిగిస్తే అదుము మూడో వంతు దాకా పెరిగి బోల్టు సాగవచ్చు. బాక్స్‌స్టర్‌కు మాత్రం థ్రెడ్ మీదా, తలకూ విడిగా తిరిగే బాల్ రింగుకూ మధ్యనా అల్యూమినియం పేస్టు పలచగా పూసి 130 న్యూటన్ మీటర్లకు బిగించమంటుంది పోర్షే. చక్రానికి ఆనే ముఖం మాత్రం పొడిగా ఉండాలి.

వచ్చే పాఠం లోపు చేయాల్సింది: థ్రెడ్, పిచ్, సీటు రకం, బాల్ అయితే వ్యాసార్ధం, పొడవు, చేత్తో తిరిగిన చుట్లు – ముందు, వెనక చక్రాలకు విడివిడిగా రాసిపెట్టుకోండి. స్పేసర్ ముందు మాత్రమే ఉంటే రెండు పొడవులు వస్తాయి. 4వ పాఠంలో బిగించే వరస, రెండు దశల టార్క్, 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక మళ్లీ చూసుకోవడం.