మోకాలికి క్యాప్ కొనే ముందు సీటు ఎత్తు కొలవండి

సైకిల్ తొక్కి మోకాలు పట్టేసిందనగానే అందరం ముందు నీక్యాప్ కొంటాం. నేనైతే రెండు కొన్నాను. తీరా చూస్తే తప్పు సీటుది. షాపులో నన్ను ఎక్కించి, రెండు కాళ్లూ నేలకి ఆనేదాకా సీటు దించి ఇచ్చారు, నేను రెండేళ్లు అలాగే తొక్కాను. స్కూటర్ అలవాటు మనది, కూర్చుంటే కాలు కింద ఆనాల్సిందే అనుకుంటాం. సైకిల్‌కి ఆ లెక్క కుదరదు, ఆగినప్పుడు సీటు మీంచి ముందుకి దిగి నిలబడాలి.

నిమిషానికి 80 చుట్లు తొక్కితే గంటలో ఒక్కో మోకాలు 4800 సార్లు వంగి లేస్తుంది. సీటు కిందికుంటే పెడల్ పైకొచ్చిన ప్రతిసారీ మోకాలు మరీ ముడుచుకుపోయి, అక్కణ్ణుంచే బలమంతా పెట్టి తొక్కాల్సి వస్తుంది, ఆ ఒత్తిడి మోకాలి చిప్ప వెనక పడుతుంది. అందుకే చిప్ప చుట్టూ, ముందు వైపు నొప్పి ఉంటే సీటు తక్కువ ఎత్తులోనో, బాగా ముందుకో ఉందని ముందుగా అనుమానించండి. మోకాలి వెనక, మడత దగ్గర లాగుతుంటే దానికి రివర్స్: సీటు మరీ ఎత్తుగానో వెనక్కో ఉండి ఉంటుంది.

ఎత్తు చూడ్డానికి గోడ పక్కన సైకిల్ పెట్టి ఎక్కి, పెడల్ పూర్తిగా కిందికి దించి మడమ దాని మీద పెట్టండి. కాలు నిటారుగా అవ్వాలి, నడుము పక్కకి ఒరగకూడదు. తర్వాత మామూలుగా పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది, అదే కావాల్సింది. ఇంకాస్త కచ్చితంగా కావాలంటే చెప్పుల్లేకుండా గోడకి ఆనుకుని నిలబడి, అట్ట పుస్తకం ఒకటి కాళ్ల మధ్య గట్టిగా పైకి నొక్కిపెట్టి, దాని పై అంచు నుంచి నేలదాకా కొలిచి 0.883తో గుణించండి. నాది 80 సెంటీమీటర్లు, అంటే క్రాంక్ ఇరుసు (పెడల్ కాడలు తిరిగే ఇరుసు) మధ్య నుంచి సీటు పైదాకా 70.6 రావాలి. నాది 66 ఉంది! అలాగని ఒక్కసారే పైకి లేపేయకండి, 5 మిల్లీమీటర్లు ఎత్తి రెండు మూడు రైడ్లు తొక్కి మళ్లీ ఎత్తండి. వెనకనుంచి ఎవరినైనా ఫోన్‌లో వీడియో తీయమనండి, తొక్కుతుంటే తుంటి అటూ ఇటూ ఊగుతోందంటే ఎక్కువైనట్టే.

సీటు ముందువెనకలు చూడ్డానికి దారానికి నట్టు కట్టండి చాలు. పెడళ్లు రెండూ నేలకి సమాంతరంగా పెట్టి, ముందున్న కాలి చిప్ప కింద నుంచి దారం వదిలితే పెడల్ ఇరుసు మీదుగా పడాలి. ఇదేం బ్రహ్మవాక్కు కాదు, మొదలుపెట్టడానికి ఒక గుర్తు. సీటు వెనక్కి జరిపితే కాలికి దూరం పెరుగుతుంది కాబట్టి ఎత్తు మళ్లీ చూసుకోండి.

మోకాలి పక్కన నొప్పి అయితే ఎక్కువగా క్లీట్లు, అంటే షూ అడుగున ఉండి పెడల్‌కి బిగుసుకునే ముక్కలు, చూడాలి. బల్ల మీద కూర్చుని కాళ్లు వేలాడదీస్తే పాదాలు ఎటు తిరుగుతాయో క్లీట్లూ అటే ఉండాలి, బలవంతంగా నిటారుగా బిగిస్తే మోకాలు మెలితిరుగుతుంది. షిమానో కంపెనీ రోడ్ పెడళ్లకి పసుపు క్లీట్లు పాదాన్ని 6 డిగ్రీలు కదలనిస్తాయి, ఎరుపువి అసలు కదలనివ్వవు. నొప్పి ఉన్నవాళ్లకి ఎరుపు ఎందుకో నాకైతే అర్థం కాదు.

ఎంత సరిచేసినా పెద్ద గేర్‌లోనే లాగితే లాభం లేదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ మీద సిగ్నల్ లేదు కదా అని భారీ గేర్‌లో నెమ్మదిగా తొక్కేవాళ్లని చూస్తుంటాను. ఒకటి రెండు గేర్లు తగ్గించి 80, 90 చుట్లు తిప్పండి. మోకాలు వాచినా, పట్టేసి కదలకపోయినా, నిలబడితే జారిపోతున్నట్టున్నా సీటు బిగించే అలెన్ కీ పక్కన పెట్టి ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఎత్తు కుదిరాక సీట్ పోస్ట్ (సీటు కింది గొట్టం) మీద ఎలక్ట్రికల్ టేప్ చుట్టి గుర్తు పెట్టుకోండి. నా సైకిల్ సర్వీసుకి ఇచ్చిన ప్రతిసారీ టెస్ట్ చేసే కుర్రాడు సీటు దించేస్తాడు, తిరిగి పెట్టడం మర్చిపోతాడు.