ఒళ్లు వంచి పనిచేసేవారు ఒంటిని నిలుపుకోవడం ఎలా

బరువు పని చేసేవారిలో ఒంటినొప్పి ఎరుగనివారు ఉండరు. అందుకే చాలామంది నొప్పిని కూడా పనిలో భాగంగానే లెక్కవేసుకుని, దాన్ని గురించి మాట్లాడడమే మానేస్తారు. రోజంతా పార పట్టిన మనిషికి సాయంత్రం భుజాలు లాగడం సహజమే. కానీ ఆ లాగుడు ఏ రోజున అలసట హద్దు దాటి గాయంగా మారిందో పసిగట్టలేకపోవడం వల్లనే, కొద్ది వారాల్లో తగ్గవలసిన బాధ ఏళ్ల తరబడి మనిషిని వదలకుండా పట్టుకుంటుంది. కింద చెప్పబోయే జాగ్రత్తలన్నీ ఆ తేడాను గుర్తుపట్టడం మీదనే ఆధారపడి ఉన్నాయి.

దానికి పరికరాలేవీ అక్కర్లేదు. మర్నాడు ఉదయం పనిలోకి వెళ్లకముందు, మంచం దిగి పది నిమిషాలు అటూ ఇటూ నడిచిన తర్వాత, ఒంటిని ఒకసారి పరిశీలించుకోవాలి. నిన్నటి నొప్పి రాత్రి నిద్రతో పోయిందంటే అది అలసట. కొత్తగా పనిలో చేరినప్పుడో, చాలా రోజుల విరామం తర్వాత మళ్లీ పని అందుకున్నప్పుడో కండరాలు రెండు మూడు రోజులు పట్టేసినట్టుండడం కూడా అలసట కిందికే వస్తుంది. అది చాలావరకు రెండు పక్కలా ఉంటుంది, కండ మధ్యలో ఉంటుంది, కదిలే కొద్దీ సడలుతుంది. అలా కాకుండా నొప్పి ఒక్క పక్కనే ఉండి, కీలు దగ్గరో, కండరం ఎముకకు అతుక్కునే చోటనో వేలు పెట్టి చూపించగలిగేంత జాగాలో ఉండి, ఒక రోజు సెలవు తీసుకున్నా తగ్గకపోతే, దాన్ని గాయంగానే భావించాలి. ఉదయపు నొప్పి వారం వారం కొంచెం కొంచెంగా పెరుగుతోందంటే చేస్తున్న పనిలో ఏదో ఒకటి మార్చి తీరాలి. మందు సంగతి ఆ తర్వాత.

ఇక్కడ ఒక అపోహను పక్కన పెట్టాలి. రోజంతా ఒళ్లు వంచుతున్నాం కాబట్టి వేరే వ్యాయామం అక్కర్లేదని చాలామంది అనుకుంటారు. వ్యాయామం కొద్దిసేపు సాగి ఆగిపోతుంది, ఆ తర్వాత ఒంటికి విశ్రాంతి దొరుకుతుంది, అన్ని కీళ్లకూ పని పడుతుంది. కూలి పనిలో అవే రెండు మూడు కండరాలు ఎనిమిది గంటలు బిగిసి ఉంటాయి, ఎప్పుడు ఆగాలన్నది మన చేతిలో ఉండదు. రెండింటిలోనూ చెమట పడుతుందన్న పోలిక తప్ప, శరీరానికి అవి ఒకటి కావు.

బరువు ఎత్తేటప్పుడు

మోకాళ్లు వంచి, నడుము నిటారుగా ఉంచి ఎత్తాలన్న సలహా వినని కూలీ ఉండడు. ఆ సలహా తప్పు కాదు గాని, అసలు కిటుకు అందులో లేదు. నడుమును నలిపేది బరువు ఒక్కటే కాదు, ఆ బరువు ఒంటికి ఎంత ఎడంగా ఉందన్నది కూడా. అమెరికాలో వృత్తి భద్రత మీద పరిశోధనలు చేసే నయోష్ సంస్థ 1991లో సవరించిన లెక్క ప్రకారం, పరిస్థితులన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు, అంటే సరుకు నేలమీద కాక 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉండి, పట్టు బాగా దొరికి, నడుము మెలి తిప్పే పని లేనప్పుడు ఎత్తదగిన బరువు 23 కిలోలు. ఆ లెక్కలో చీలమండల మధ్య నుంచి చేతుల పట్టు దాకా దూరం 25 సెంటీమీటర్లు. ఆ దూరం 50 సెంటీమీటర్లయితే పరిమితి సగానికి, అంటే 11.5 కిలోలకు పడిపోతుంది. తూకంలో బరువు మారలేదు, చేతులు జానెడు ముందుకు చాచామంతే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో చేసిన సిఫారసులో వయోజన పురుషుడు మోయదగిన గరిష్ఠ బరువు 55 కిలోలని ఉంది. దాన్ని దాటకూడని గీతగా చూడాలి తప్ప, రోజంతా ఎత్తడానికి దొరికిన అనుమతిగా చూడకూడదు.

కాబట్టి నేలమీద పడుకున్న బస్తాను వంగి రెండు చివరలా పట్టుకుని లేపడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. ముందు దాన్ని నిలబెట్టాలి. ఒక పాదం బస్తా పక్కకు, రెండో పాదం కాస్త వెనక్కి వేసి, మోకాళ్లు వంచి, బస్తాను తొడ మీదికి వాల్చుకోవాలి. అక్కడ ఒక్క క్షణం ఆగి, ఒక చేయి అడుగుకు, ఇంకో చేయి వెనక్కి పోనిచ్చి, పొట్టకు అదుముకున్న తర్వాతే కాళ్ల బలంతో లేవాలి. పక్కకు తిరగవలసి వస్తే నడుమును కాక పాదాలను తిప్పాలి. బరువు చేతుల్లో ఉండగా నడుము మెలి పడినప్పుడే చాలామందికి కలుక్కుమంటుంది. ఇద్దరు కలిసి ఎత్తేటప్పుడు ఎవరో ఒకరే మాట చెప్పాలి, ఇద్దరూ ఒకే లెక్కకు లేవాలి. దించేటప్పుడు కూడా ఇదే వరస. ఎత్తేటప్పుడు ఉన్న శ్రద్ధ దించేటప్పుడు ఉండదు, అందుకే సరుకు వదిలే క్షణంలో గాయాలవుతాయి.

ఇంకా మేలైన పని, సరుకును నేలకు దించకుండా చూడడం. నేలమీద దించిన బస్తాను మళ్లీ నేల నుంచే ఎత్తాలి. మోకాలి ఎత్తున చెక్కలో దిమ్మెలో పేర్చి వాటి మీద దించుకుంటే, రోజుకు వంద బస్తాలు ఎత్తే మనిషికి వంద సార్లు పూర్తిగా వంగే బాధ తప్పుతుంది. నడుముకు పట్టీ కొనుక్కోవడం కంటే ఈ ఏర్పాటు ఎన్నో రెట్లు నయమని నా అభిప్రాయం. పట్టీ కట్టుకున్న ధైర్యంతో ఇంకాస్త ఎక్కువ ఎత్తేవారిని చూస్తూనే ఉంటాం.

నిద్ర లేవగానే బరువు జోలికి పోకపోవడం కూడా ముఖ్యమే. వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు రాత్రి పడుకున్నప్పుడు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి. ఉదయం కాస్త పొడవుగా ఉండి, సాయంత్రానికి ఆ మేరకు తగ్గడానికి కారణం ఇదే. ఉబ్బి ఉన్న డిస్కు మీద వంగినప్పుడు ఒత్తిడి ఎక్కువగా పడుతుంది కాబట్టి, లేచిన మొదటి గంటలో నడక, నిలబడి చేసే తేలిక పనులు పెట్టుకుని, వంగి ఎత్తే పనిని వెనక్కి జరపాలి. మోకాళ్ల మీద కూర్చుని చేసే పనికి దళసరి మెత్త తప్పనిసరి. నేల గట్టిదనం రోజూ నేరుగా తగిలితే మోకాలి చిప్ప ముందున్న నీటి సంచి వాచి, ఆ తర్వాత గొంతు కూర్చోవడమే కష్టమవుతుంది.

నొప్పికి పేరు పెట్టడం

తెలుగులో నొప్పికి చాలా మాటలున్నాయి. సలుపు, పోటు, తీపు, మంట, గుంజుడు, తిమ్మిరి, జివ్వుమనడం: ఇవన్నీ ఒకటి కాదు, వాటిని సరిగ్గా వాడితే డాక్టరుకు సగం దారి దొరికినట్టే. పని తర్వాత కండలో వచ్చేది తీపు. కీలు వాచినప్పుడు ఉండేది సలుపు. పిరుదు నుంచి తొడ వెనక భాగం మీదుగా పిక్క దాటి పాదం దాకా జివ్వుమని పాకేది నరం నొక్కుకున్నందువల్ల వచ్చే నొప్పి. అది నడుములో పుట్టి కాలిలో తెలుస్తుంది, కాలికి ఎంత తైలం రాసినా లాభముండదు.

చేతి తిమ్మిరిని ఇంకా జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే ఏ వేళ్లు మొద్దుబారుతున్నాయన్నదే ఏ నరం దెబ్బతింటోందో చెబుతుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం తిమ్మిరెక్కి, రాత్రి నిద్రలో మెలకువ వచ్చి చెయ్యి విదిలించుకోవలసి వస్తోందంటే, మణికట్టు లోపలి ఇరుకు దారిలో నరం నలుగుతోందన్నమాట. చిటికెనవేలూ, ఉంగరపు వేలిలో మిగతా సగమూ మొద్దుబారితే చాలాసార్లు తప్పు మోచేతి దగ్గర ఉంటుంది. మొదటి దశలో మణికట్టును నిటారుగా ఉంచే పట్టీ రాత్రిపూట కట్టుకోవడం, పిడి సన్నగా ఉన్న పనిముట్టుకు గుడ్డ చుట్టి పట్టు లావు చేసుకోవడం వంటి చిన్న మార్పులతోనే చాలామందికి ఉపశమనం దొరుకుతుంది. బొటనవేలి మొదట్లో ఉండే కండ కరిగిపోయేదాకా ఊరుకుంటే, శస్త్రచికిత్స చేసినా పోయిన బలం పూర్తిగా రాకపోవచ్చు.

డ్రిల్లు, జాక్‌హామర్, గ్రైండరు వంటి అదిరే యంత్రాలు పట్టేవారికి మరో ప్రమాదముంది. 1918లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, బెడ్‌ఫోర్డ్ సున్నపురాయి పనివారిని పరీక్షించిన డాక్టరు ఆలిస్ హామిల్టన్, గాలి సుత్తి పట్టినవారి వేళ్లు చలిలో తెల్లగా పాలిపోయి స్పర్శ కోల్పోతున్నాయని నమోదు చేశారు. నూరేళ్లు దాటినా ఆ జబ్బు పోలేదు. చల్లని ఉదయం వేళ్ల కొసలు తెల్లబడుతున్నాయంటే అదిరే యంత్రం వాడే గంటలు ఆ వారం నుంచే తగ్గించాలి. చేతులు వెచ్చగా ఉంచుకోవాలి. యంత్రాన్ని జారకుండా ఉండేంత పట్టుతో పట్టుకోవాలే గాని గుప్పిట బిగించకూడదు. పొగ తాగే అలవాటు రక్తనాళాలను మరింత కుదిస్తుంది కాబట్టి మానుకోవాలి.

మాత్రల విషయం

డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు నొప్పినీ వాపునూ తగ్గిస్తాయి, కొద్ది రోజులు వాడడంలో చాలామందికి ఇబ్బంది ఉండదు. చిక్కంతా పనికి ముందే ఒకటి వేసుకుని బయల్దేరే అలవాటుతో వస్తుంది. నొప్పి తెలియకపోవడం వల్ల గాయపడ్డ చోటనే మళ్లీ భారం పడుతుంది. అంతకు మించి, చెమటతో ఒళ్లు ఎండిపోయిన మనిషిలో ఈ మాత్రలు మూత్రపిండాలకు రక్తం అందకుండా చేస్తాయి, జీర్ణాశయంలో పుండ్లు తెస్తాయి, రక్తపోటు పెంచుతాయి. మలం తారులా నల్లగా వస్తే లోపల రక్తం కారుతోందని అనుమానించి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పారాసిటమాల్ కడుపుకు తేలికే గాని, ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికైనా రోజుకు 4 గ్రాములు, అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు 8 దాటకూడదు. మద్యం తాగేవారు, కాలేయం జబ్బున్నవారు అంతకంటే తక్కువకే ఆగాలి. జలుబు మాత్రల్లో కూడా అదే మందు ఉంటుందన్న సంగతి మరవకూడదు. ఏ మందో పేరు తెలియని పొట్లాలు ఎంత బాగా పనిచేసినా ముట్టుకోకూడదు, ఒక్క పూటలో మాయం చేసే గుణం వెనక స్టెరాయిడ్ ఉండవచ్చు.

ఎండ, దుమ్ము, మోత

ఎండలో పనిచేసేటప్పుడు దాహం వేసేదాకా ఆగకుండా 15 నుంచి 20 నిమిషాలకోసారి సుమారు 240 మిల్లీలీటర్ల నీళ్లు తాగాలి. అలాగని గంటకు 1.4 లీటర్లు దాటితే రక్తంలో ఉప్పు పలచబడి అది వేరే ప్రమాదం. గంటల తరబడి చెమట కారితే ఓఆర్‌ఎస్ మేలు. కొత్తగా ఎండ పనిలోకి వచ్చినవారికి మొదటి రోజు మామూలు పనిగంటల్లో ఐదో వంతు మాత్రమే ఇచ్చి, రోజుకు అంతే చొప్పున పెంచుతూ పోవాలి. శరీరం వేడికి అలవాటు పడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. పక్కనున్న మనిషి తడబడుతూ అసందర్భంగా మాట్లాడుతున్నాడంటే అది వడదెబ్బ. అంబులెన్సుకు కబురు పెట్టి, అది వచ్చేలోగా నీడలో పడుకోబెట్టి ఒళ్లంతా నీళ్లతో తడిపి గాలి విసరాలి, స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో ఏమీ పోయకూడదు. కండరాలు విపరీతంగా నొప్పి పెడుతూ మూత్రం ముదురు కషాయం రంగులో వచ్చినా ఆలస్యం చేయకూడదు. నలిగిన కండరాల నుంచి విడుదలైన పదార్థం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

రాయి, కాంక్రీటు కోసే చోట కంటికి కనిపించే దుమ్ముకంటే కనిపించనిది చెడ్డది. సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేసే మచ్చలను మాన్పే మందు లేదు, పైగా క్షయ సోకే అవకాశం పెరుగుతుంది. నీళ్లు పోస్తూ కోయడం, ముఖానికి బిగుతుగా అమరే ఎన్95 మాస్కు పెట్టుకోవడం రెండూ కావాలి. మూతికి కట్టిన గుడ్డ ఈ ధూళిని ఆపదు. మోత సంగతికి వస్తే, చేయి చాపితే అందే దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచి మాట్లాడవలసి వస్తోందంటే అక్కడ శబ్దం 85 డెసిబెల్స్‌కు అటూ ఇటూగా ఉన్నట్టే, చెవుల్లో ప్లగ్గులు పెట్టుకోవాలి.

డాక్టరు దగ్గరికి

కొన్ని లక్షణాలకు ఉదయం పరీక్షలూ ఎదురుచూపులూ పనికిరావు. నడుము నొప్పితో పాటు మర్మాంగాల చుట్టూ స్పర్శ పోవడం, మూత్రం బిగుసుకుపోవడం, మలమూత్రాలు అదుపు తప్పడం, రెండు కాళ్లూ బలహీనపడడం కనిపిస్తే అదే రోజు, అదే గంటలో ఆసుపత్రిలో ఉండాలి. ఛాతీ మధ్యలో బిగపట్టినట్టుండి ఎడమ చేతికో దవడకో పాకే నొప్పిని బరువు మోసినందువల్ల వచ్చిన కండరాల నొప్పిగా కొట్టిపారేయడం కూలి పని చేసేవారిలో మామూలు పొరపాటు. కండరాల నొప్పి నొక్కితే, చెయ్యి కదిపితే పెరుగుతుంది. గుండె నొప్పి శ్రమతో పెరుగుతుంది, చెమట, ఆయాసం తోడవుతాయి. అనుమానం ఉంటే గుండెదే అనుకోవాలి.

మిగతా బాధలకు డాక్టరు దగ్గరికి వెళ్లేముందు రెండు వారాలు చిన్న పుస్తకంలో రాసుకోవడం మంచిది. పెద్దగా రాయనక్కర్లేదు: “మంగళవారం. కుడి మణికట్టు తిమ్మిరి, రాత్రి రెండుసార్లు మెలకువ. నిన్న మూడు గంటలు డ్రిల్లు పట్టాను.” ఇలాంటి పది వరుసలు, “ఒళ్లంతా నొప్పులండీ” అన్న ఒక్క మాట కంటే ఎంతో పనికొస్తాయి. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని 1700లోనే, రోగిని అడిగే ప్రశ్నల్లో “నువ్వు ఏం పని చేస్తావు?” అన్నదాన్ని కూడా చేర్చుకోమని తోటి వైద్యులకు చెప్పాడు. డాక్టరు ఆ ప్రశ్న అడగకపోతే మనమే చెప్పాలి; చేసే పని పేరు చెప్పి ఊరుకోకుండా, రోజుకు ఎన్నిసార్లు, ఎంత బరువు, ఏ ఎత్తుకు ఎత్తుతామో చేసి చూపించాలి. విశ్రాంతి తీసుకోమన్న మాటతో లేచి రాకుండా, ఏ కదలిక మానాలో, ఎంత బరువు దాకా ఎత్తవచ్చో, ఎన్ని వారాలో అడిగి చీటీ మీద రాయించుకుంటే మేస్త్రీతో మాట్లాడడానికి ఆధారం ఉంటుంది.

మామూలు నడుము నొప్పికి మంచం పట్టడం మందు కాదు. ఒకటి రెండు రోజులు తగ్గి ఉండి, ఆ తర్వాత నడకతో మొదలుపెట్టి కదులుతూ ఉన్నవారే త్వరగా కోలుకుంటారు. భుజం, మోచేయి దగ్గర కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువు దెబ్బతింటే మాత్రం ఓపిక పట్టాలి. దానికి రక్తసరఫరా తక్కువ కాబట్టి మానడానికి నెలలు పడుతుంది, ఫిజియోథెరపిస్టు చెప్పిన వ్యాయామాలను నొప్పి తగ్గగానే ఆపేస్తే మళ్లీ మొదటికి వస్తుంది.

తిరిగి పనిలోకి వెళ్లేటప్పుడు మొదటి రోజే పాత బరువు ఎత్తి చూపించాలన్న పౌరుషం వద్దు. సగం బరువుతో మొదలుపెట్టి, బరువు, గంటలు, వేగం, ఈ మూడింటిలో ఒకసారికి ఒక్కదాన్నే పెంచుకుంటూ పోవాలి. మూడూ ఒకేసారి పెంచితే ఏది పడలేదో తెలియదు. మర్నాటి ఉదయం నొప్పి ముందు రోజుకంటే ఎక్కువగా ఉంటే పని మానేయనక్కర్లేదు, నిన్న పెంచినదాన్ని మాత్రం వెనక్కి తగ్గించి, అక్కడే మరో మూడు నాలుగు రోజులు ఉండాలి.