నల్లరాతి మీద టెంట్ వేయాలంటే

మహారాష్ట్రలోని మా బిలోలి, దెగ్లూరు దిక్కు గ్రానైట్ గుండ్లు కనిపిస్తాయి. నాందేడ్ దాటి పడమటికి పోయేకొద్దీ రాయి నల్లబడుతుంది, కొండల తలలు బల్లపరుపుగా మారతాయి. అదంతా సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి లావా. పొర మీద పొర పారి గడ్డకట్టింది. దాని మీద హాయిగా నిద్ర పట్టాలంటే ఆ రాయి గుణం తెలియాలి. మా ఇంట్లో కారు మా ఆయన నడుపుతాడు, టెంట్‌కు చోటు మాత్రం నేనే చూస్తాను.

దారి సులువే. నాందేడ్, హింగోలి, లోణార్, జాల్నా, వేరూళ్ (ఎల్లోరా), ఆపైన సహ్యాద్రి అంచున భండార్‌దరా. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. లోణార్ గుంట లావా రాతిలోనే ఉన్నా అగ్నిపర్వతం నోరు కాదు, ఉల్క పడి ఏర్పడింది. లోపల అభయారణ్యం, టెంట్ వేయకూడదు. ఊళ్లో గది తీసుకోండి. వేరూళ్ గుహలు మంగళవారం మూత. కైలాస ఆలయం మొత్తం ఈ నల్లరాతినే పైనుంచి కిందికి తొలిచి చెక్కారు, అక్కడ తొందరపడకండి. బైకుల మీద వచ్చేవాళ్లు నాగపూర్-ముంబై సమృద్ధి హైవే ఎక్కడం కుదరదని గుర్తుంచుకోండి.

ఇక టెంట్. తాడు కట్టే పెగ్గు (మేకు) జానెడు కూడా దిగదు, కింద రాయి తగులుతుంది. సుత్తితో బాది వంచుకోవద్దు. పొత్రమంత రాయికి తాడు చుట్టి, ఆ తాడు మీద ఇంకో పెద్ద రాయి పెట్టండి. రాయి అంచు తాడును కోసేస్తుంది కాబట్టి మధ్యలో పాత గుడ్డ మడత పెట్టాలి. పరిచేముందు చేత్తో నేల తడమండి, పెచ్చులు కత్తుల్లా ఉంటాయి. అడుగున తాటిపత్రి (టార్పాలిన్) వేసి, అంచులు టెంట్ బయటికి రాకుండా లోపలికి మడవండి. బయటికి వస్తే వాననీళ్లు దాని మీదికి చేరి కిందికి వస్తాయి.

చేతిలోకి ఒక రాయి తీసుకుని చూడండి. చిన్న చిన్న బొక్కలుంటే అవి లావాలోని గాలి బుడగలు. కొన్నింటిలో తర్వాత తెల్లటి స్ఫటికాలు పెరిగాయి. పిల్లలకు చూపించడానికి ఇంతకంటే మంచిది లేదు.

నిలువు కొండ అడుగున మాత్రం అస్సలు వేయొద్దు. పగుళ్లు పట్టిన రాయి ఎప్పుడు జారుతుందో తెలియదు. కొండ నెత్తిన గాలి బాగా కొడుతుంది, వాగు పొడిగా ఉన్నా అందులో పడుకోకూడదు. కారును నల్లరేగడిలో కాకుండా మొరం మీద నిలపండి. రాత్రి చినుకు పడితే చక్రాలకు మట్టి అంటుకుని కదలదు.

నాకైతే భండార్‌దరా దగ్గరి బారి ఊళ్లో ఎవరి వాకిట్లోనైనా అడిగి వేసుకోవడమే ఇష్టం. మహారాష్ట్ర తెలుగువాళ్లం, మనకు మరాఠీ వచ్చు కదా, 'మావశీ' (పిన్నీ) అని పిలిస్తే వేడి భాకరీ (రొట్టె), పిఠ్లం (సెనగపిండి కూర) దొరుకుతాయి. 1,646 మీటర్ల కళసూబాయి శిఖరం ఎక్కేది అక్కడి నుంచే. చీకటితోనే బయల్దేరండి, నిటారు చోట్ల ఇనుప నిచ్చెనలున్నాయి. తాగే నీళ్లు కింది నుంచే మోసుకెళ్లండి. రతన్‌గడ్ లాంటి కోటల మీద రాతిలో తొలిచిన తొట్లలో నీళ్లుంటాయి, మరిగించి తాగాలి.

ఎండుగడ్డి దగ్గర మంట పెట్టొద్దు, గ్యాస్ స్టవ్ చాలు. పొగ తగిలితే కొండ చరియల్లోని పెద్ద తేనెటీగలు లేస్తాయి. భండార్‌దరా దిక్కునే ఉన్న సాంధణ్ లోయ ఇరుకు సందు, పైన ఎక్కడో వాన పడినా నీళ్లు ఒక్కసారిగా వస్తాయి. వానాకాలంలో దిగకండి.