పోస్ట్‌గ్రెస్ కంపైల్ చేస్తుంటే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ దొరకడం లేదా? ఇలా సరిచేయండి

టెర్మినల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) వెర్షన్ అడిగితే తడుముకోకుండా చెబుతుంది. డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ (పోస్ట్‌గ్రెస్) సోర్స్ కోడ్‌లోని కాన్ఫిగర్ (కంపైల్‌కు ముందు సిస్టమ్‌ను పరీక్షించే స్క్రిప్టు) మాత్రం ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో భాగమైన ‘క్రిప్టో’ లైబ్రరీ కావాలంటూ ఆగిపోతుంది. ఇద్దరూ చెప్పేది నిజమే. ప్రోగ్రాములు నడవడానికి సిస్టమ్‌లో ఉండేది లిబ్‌క్రిప్టో.ఎస్‌ఓ.3 అనే ఫైలు. కంపైల్ చేసేటప్పుడు లింకర్ (ప్రోగ్రామును లైబ్రరీలతో కలిపే సాధనం) వెతికేది చివర అంకె లేని లిబ్‌క్రిప్టో.ఎస్‌ఓ. అదీ, లైబ్రరీలో ఏమున్నాయో కంపైలర్‌కు చెప్పే హెడర్ ఫైళ్లూ డెవలప్‌మెంట్ ప్యాకేజీతోనే వస్తాయి.

కాబట్టి ముందు ఆ ప్యాకేజీ పెట్టండి. డెబియన్, ఉబుంటులలో దాని పేరు లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్-డెవ్. ఫెడోరా, రెడ్‌హ్యాట్‌లలో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్-డెవెల్. (ఇక్కడి పేర్లన్నీ టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి.) ప్యాకేజీ పెట్టకుండా, అంకె లేని పేరుతో చేత్తో లింకు సృష్టించే చిట్కా జోలికి పోకండి. లింకర్ ఊరుకుంటుంది గానీ, నాలుగడుగులు వేశాక హెడర్ లేదని మళ్లీ ఆగుతుంది.

అయినా లొంగకపోతే ఊహలు మాని కాన్ఫిగ్.లాగ్ తెరవండి. తెర మీద కనిపించే ఒక్క వాక్యం తీర్పు మాత్రమే. సాక్ష్యం అంతా ఈ ఫైల్లో ఉంటుంది. చివరి నుంచి చదివితే వేరియబుళ్ల జాబితా తప్ప ఏమీ దొరకదు. ‘ఎల్‌క్రిప్టో’ అని వెతికి, ఆ పరీక్షలో కంపైలర్ ఏమందో చూడండి. లైబ్రరీ కనబడలేదంటే దారి తెలియలేదని అర్థం. ఆర్కిటెక్చర్ కుదరలేదంటే ఫైలు దొరికింది, కానీ అది వేరే రకం ప్రాసెసర్‌ది. ఇంటెల్ మ్యాక్ నుంచి ఆపిల్ సిలికాన్‌కు మారినవారి యంత్రాల్లో పాత హోమ్‌బ్రూ (మ్యాక్‌లో ప్యాకేజీలు పెట్టే సాధనం) మిగిలిపోతే ఇలా జరుగుతుంది.

దారి చూపడం రెండు ఆప్షన్ల పని. కాన్ఫిగర్‌కు --విత్-ఎస్‌ఎస్‌ఎల్=ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో పాటు (14 కంటే పాత వెర్షన్లలో --విత్-ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్) --విత్-ఇంక్లూడ్స్‌లో హెడర్ల ఫోల్డరు, --విత్-లైబ్రరీస్‌లో లైబ్రరీల ఫోల్డరు ఇవ్వండి. మ్యాక్‌లో ఇది దాదాపు తప్పనిసరి: హోమ్‌బ్రూ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను అందరూ వెతికే చోట కాక విడిగా ఉంచుతుంది. ఆ చోటు తెలియాలంటే బ్రూ --ప్రిఫిక్స్ ఆదేశానికి ప్యాకేజీ పేరు జోడించి అడగండి. లినక్స్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3ను సొంతంగా కంపైల్ చేసుకున్నవారు ఇంకోటి గమనించాలి. 64 బిట్ ఇంటెల్, ఏఎండీ యంత్రాల్లో లైబ్రరీలు లిబ్‌లోకి కాక లిబ్64లోకి వెళ్తాయి. హెడర్లు దొరికి లైబ్రరీ దొరకని వింతకు తరచూ ఇదే కారణం.

వెర్షన్ కూడా చూసుకోండి. పోస్ట్‌గ్రెస్ 18కి కనీసం ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1 కావాలి.

ఏది మార్చినా మళ్లీ కాన్ఫిగర్ చేసే ముందు పాత ఫలితాలను తుడిచేసే మేక్ డిస్ట్‌క్లీన్ ఆదేశం కొట్టండి. కాన్ఫిగర్‌కు బదులు మెసన్ అనే బిల్డ్ సాధనంతో కట్టేవారు కొత్త బిల్డ్ ఫోల్డరుతో మొదలుపెట్టడం మేలు. విసుగొచ్చి ఎన్‌క్రిప్షన్ లేకుండానే కంపైల్ చేద్దామనిపిస్తుంది. నేర్చుకోవడానికైతే సరే, కానీ ఇప్పటి వెర్షన్లలో డేటాబేస్‌లో ఎన్‌క్రిప్షన్ ఫంక్షన్లు ఇచ్చే పీజీక్రిప్టో ఎక్స్‌టెన్షన్ కూడా ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లేనిదే తయారవదు.

కంపైల్ పూర్తయినంత మాత్రాన పని ముగియలేదు. లినక్స్‌లో పోస్ట్‌గ్రెస్ ఫైలు మీద ఎల్‌డీడీ నడిపితే ఏ లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను వాడుతోందో తెలుస్తుంది. ‘దొరకలేదు’ అని వస్తే, లైబ్రరీ ఫోల్డరును, లైబ్రరీల చోట్లు గుర్తుపెట్టే ఎల్‌డీకాన్ఫిగ్‌కు తెలియజేయాలి. సర్వర్ లేచాక ఎస్‌ఎస్‌ఎల్_లైబ్రరీ విలువను షో ఆదేశంతో అడగండి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అని రావాలి, ఖాళీగా వస్తే అది లేకుండానే కంపైల్ అయిందన్నమాట. పేరు సరిగ్గా వచ్చినా ఎస్‌ఎస్‌ఎల్ సెట్టింగ్ మొదట ఆఫ్‌లోనే ఉంటుంది. దాన్ని ఆన్ చేయాలంటే సర్టిఫికెట్, కీ ఫైళ్లు సిద్ధం చేసుకోవాలి.