తునికాకు కోతకు అడవిలోకి అడుగుపెట్టే ముందు

ఇప్పపువ్వు రాలుతోంది. అది అయిపోగానే తునికాకు కల్లాలు మొదలవుతాయి. మన గడ్చిరోలి జిల్లాలో సిరోంచ, అంకీసా, అసరెల్లి వైపు చాలా ఇళ్లలో ఏడాది మొత్తానికి చేతిలో కాస్త డబ్బు ఆడేది ఆ కొద్ది రోజులే. అందుకే కోత మొదలయ్యాక కాకుండా ఇప్పుడే చెబుతున్నాను.

2025 అక్టోబర్‌లో మావోయిస్టు అగ్రనేత మల్లోజుల వేణుగోపాల్ 60 మందితో కలిసి గడ్చిరోలిలో లొంగిపోయినప్పటి నుంచి "ఇంకేం భయం, ఏ గుట్టకైనా పోవచ్చు" అనే మాట మన ఊళ్లలో వినిపిస్తోంది. నాకు టెన్షన్ అంతా ఆ మాటతోనే. పాతిన మందుపాతర ఏ చెట్టు కింద ఉందో పాతినవాళ్లకే గుర్తుండదు. వాళ్లలో కొందరు ఇప్పుడు బతికి కూడా లేరు. 2025 ఏప్రిల్, మే నెలల్లో తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని కర్రెగుట్టల్లో బలగాలు 21 రోజులు గాలిస్తే 450 మందుపాతరలు దొరికాయి. ఆ ఒక్క గుట్టల వరుసలోనే అన్ని!

పోరు ఆగాక నేల ఎన్నేళ్లు ప్రమాదంగా ఉంటుందో లావోస్ వాళ్లను చూస్తే తెలుస్తుంది. 1964 నుంచి 1973 దాకా అమెరికా విమానాలు ఆ చిన్న దేశం మీద క్లస్టర్ బాంబులు కురిపించాయి. ఒక్కో పెద్ద బాంబు గాలిలో విచ్చుకుని వందల చిన్న బాంబులను చల్లుతుంది. అలా పడ్డవి 27 కోట్లకు పైనే. వాటిలో దాదాపు 8 కోట్లు పేలలేదని అంచనా. మెత్తటి మట్టిలోనో, కొమ్మల్లోనో పడి ఫ్యూజు సగంలో ఆగిపోయింది. టెన్నిస్ బంతి అంత ఉండే వాటిని అక్కడివాళ్లు 'బొంబీ' అంటారు. బంతి అనుకుని పిల్లలు ఆడుకున్నారు. పాత ఇనుముకు నాలుగు డబ్బులొస్తాయని పెద్దలు విప్పారు. యాభై ఏళ్లు దాటినా ఇప్పటికీ ఏరుతూనే ఉన్నారు. పొయ్యి వేడికి, కింద మట్టిలో ఉన్న బొంబీ పేలి వంట చేస్తున్నవాళ్లు పోయిన ఇళ్లున్నాయి.

మన అడవిలో ఉన్నవి వేరే రకం. కానీ ఆ పొయ్యి సంగతి మనకూ వర్తిస్తుంది. పువ్వు బాగా కనబడాలని ఇప్పచెట్టు కింద ఎండాకు కుప్పచేసి నిప్పు పెడతాం కదా, ఊరికి దూరంగా ఉన్న చెట్ల దగ్గర ఈసారి ఆ పని వద్దు. అక్కడ ఆకు ఊడ్చడం కూడా వద్దు. ఊరి దగ్గర ఏటా వెళ్లే చెట్ల కింద పాత చీరలు పరుచుకుంటే చాలు, పువ్వుకు మట్టీ అంటదు.

ఇక తునికాకు. ఆకు కోసేటప్పుడు మన కన్ను ఎక్కడుంటుందో ఒకసారి గుర్తుచేసుకోండి. నడుమెత్తు పొదలో లేత ఆకు వెతుకుతూ ఉంటుంది. ఒక చేయి కొమ్మను వంచుతుంది, ఇంకో చేయి తెంపుతుంది, కాలు తనంతట తాను ముందుకు పడుతుంది. పైగా తెల్లవారక ముందే బయలుదేరతాం. నేను అడిగేది ఒక్కటే: నేల కనబడేంత వెలుతురు వచ్చాకే పొదల్లోకి దిగండి. పోయినేడు మనవాళ్లు తిరిగిన చోటే కోయండి. "అటువైపు ఎవరూ పోలేదు, ఆకు బాగుంటుంది" అని ఆశపడకండి. నాలుగు కట్టలు తక్కువైనా పర్వాలేదు. పాత దళాలు మకాం వేసిన చోట్లు, నీటి మడుగుల పక్క దారులు, రోడ్డు కల్వర్టులు, గుట్ట మీదకు ఎక్కే సన్నని బాటలు అసలు వద్దు. నడిచేటప్పుడు ఒకరి వెనక ఒకరు, మధ్యలో ఎడం ఉంచి నడవండి.

మట్టిలోంచి తేలిన వైరు, స్టీలు టిఫిన్ డబ్బా మూత, కుక్కర్, ప్లాస్టిక్ పైపు ముక్క, కొత్తగా తవ్వి పూడ్చినట్టున్న నేల, ఏది కనబడినా ఆగిపోండి. ముట్టుకోవద్దు, కర్రతో కదపవద్దు, రాయి విసరవద్దు. బ్యాటరీ అయిపోయి ఉంటుందిలే అనుకోవద్దు. అది అయిపోయినా డిటోనేటర్, మందు అలాగే ఉంటాయి. వెనకున్నవాళ్లను కేకేసి ఆపండి. వచ్చిన అడుగుల్లోనే అడుగులేస్తూ వెనక్కి రండి. బాగా దూరం వచ్చాక దారి మొదట్లో చెట్టు కొమ్మకు ఎర్ర గుడ్డ కట్టండి. ఫోన్ కూడా అక్కడికొచ్చాకే తీసి 112కు చెప్పండి. కల్లం నడిపే కల్లేదారుకు, పటేలుకు కూడా చెబితే ఆ వైపు ఎవరినీ పంపరు. గ్రామసభే ఆకు అమ్ముతున్న ఊళ్లలో, కోత తేదీ పెట్టే మీటింగ్‌లోనే ఏ వైపు పోవాలో, ఏ వైపు వద్దో తేల్చుకోవాలి.

చెప్పడానికే కష్టంగా ఉంది, అయినా చెప్పాలి. ఎవరి కాలి కిందైనా పేలితే అందరూ ఒక్కసారిగా పరుగెత్తవద్దు, పక్కనే ఇంకోటి ఉండొచ్చు. దెబ్బ తగిలిన మనిషి మాట్లాడగలిగితే, కదలకుండా తనే గుడ్డతో గాయాన్ని గట్టిగా నొక్కి పట్టుకోమని అరచి చెప్పండి. 112కూ 108కూ ఫోన్ చేయండి. తల్లి గుండె ఆగదని తెలుసు, ఆమెను పట్టుకోండి.

పిల్లలను ఈసారి ఇంటి దగ్గరే వదిలి రండి. సెలవులని కట్టలు కట్టడానికి వెంట తీసుకెళ్తాం, కానీ మెరిసే డబ్బా కనబడితే వాళ్ల చేయి ఆగదు. ఆకు ఇంటికి తెచ్చాక అరుగు మీద కూర్చుని వాళ్లే కడతారు.