చూపు వెంట చూపు – మూడో పాఠం: ముందు కళ్ళు, ఆ తర్వాతే మాట

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? మర్చిపోయినవాళ్ళ కోసం మళ్ళీ చెప్తున్నా: ఎవరో ఎటో చూస్తున్నారని మీరూ అటు చూసిన ప్రతిసారీ కాగితం మీద ఒక గీత పెట్టమన్నాను, ఒక్క రోజు. నేను మొదటిసారి చేసినప్పుడు మధ్యాహ్నానికే వదిలేశా. గీతలు ఎక్కువై కాదు, తల తిప్పేసి మళ్ళీ నా పనిలో పడిన కాసేపటికి గానీ తిప్పిన సంగతే తట్టేది కాదు. మీకూ అలాగే అయితే కంగారు పడకండి, అది తెలియాలనే ఆ పని ఇచ్చింది.

కొందరు 'అయితే తిప్పకుండా ఉండటం నేర్పండి' అంటారు. అది అంత తేలిక కాదు. 1998లో వచ్చిన ఒక ప్రయోగంలో తెర మీద గీతలతో గీసిన ముఖం ఒకటి పెట్టారు, దాని కళ్ళు ఎడమకో కుడికో చూస్తుంటాయి, తర్వాత ఏదో ఒక పక్క ఒక అక్షరం కనిపిస్తుంది. ఆ కళ్ళను బట్టి అక్షరం ఎటు వస్తుందో చెప్పలేరని ముందే చెప్పారు. అయినా బొమ్మ చూసిన వైపు వచ్చిన అక్షరాన్నే జనం త్వరగా పట్టుకున్నారు. బొమ్మ కళ్ళకే ఇలా ఉంటే ఇక నిజం కళ్ళ సంగతి చెప్పాలా! అందుకే ఆపే ప్రయత్నం పక్కన పెట్టి, ఈ పాఠంలో అవతలి వైపు నుంచి వద్దాం. మీ చూపుతో ఎదుటివాళ్ళ చూపును కావలసిన చోటికి తీసుకెళ్ళడం ఎలా?

దీనికి పెద్ద గుంపు అక్కర్లేదు. 1969లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్, ఆయన సహచరులు ప్రచురించిన ప్రయోగం మీరు వినే ఉంటారు: న్యూయార్క్ వీధిలో తమ మనుషుల్ని నిలబెట్టి ఆరో అంతస్తు కిటికీ వైపు ఒక నిమిషం చూడమన్నారు. పదిహేను మంది చూసినప్పుడు దారిన పోయేవాళ్ళలో 86 శాతం తలెత్తారని అందరూ చెప్పుకుంటారు. నాకు నచ్చే అంకె అది కాదు. ఒక్కడే నిలబడి చూసినప్పుడు కూడా 42 శాతం తలెత్తారు! ఆగినవాళ్ళు మాత్రం 4 శాతమే. అంటే ఒక క్షణం చూపు కావాలంటే మీరొక్కరు చాలు, కాళ్ళు ఆపాలంటేనే గుంపు కావాలి. మనకు కావలసింది ఆ క్షణమే.

ఇప్పుడు అసలు పని. ఎవరికైనా బోర్డు మీదో తెర మీదో బొమ్మ చూపిస్తూ వివరించేటప్పుడు మనలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. వేలు బొమ్మ మీద ఉంటుంది, కళ్ళు మాత్రం వినేవాళ్ళ ముఖం మీద ఉంటాయి, అర్థమవుతోందో లేదో అని టెన్షన్. మీరు వాళ్ళను చూస్తుంటే వాళ్ళూ మిమ్మల్నే చూస్తారు, పాపం ఆ వేలును పట్టించుకునేదెవరు? కాబట్టి ఇలా చేయండి. చెప్తున్న వాక్యం పూర్తి చేయండి, తల, కళ్ళు రెండూ బొమ్మ వైపు తిప్పండి, ఒక క్షణం ఏమీ మాట్లాడకండి. ఆ మౌనంలోనే వాళ్ళ కళ్ళు బయల్దేరతాయి. అప్పుడు బొమ్మ గురించి చెప్పి, మళ్ళీ వాళ్ళ వైపు తిరగండి.

తిప్పడమంటే ఊరికే మెడ తిప్పడం కాదు, నిజంగా చూడాలి. ఏడాది వయసు పిల్లలు కూడా, పెద్దవాళ్ళు కళ్ళు తెరిచి తల తిప్పితే చూసినంతగా, కళ్ళు మూసుకుని తిప్పితే అటు చూడరు. దూరంగా ఉన్నవాళ్ళకు మీ కంటి కదలిక కనపడదు కాబట్టి తల కూడా కావాలి, అంతే.

ఈ విద్యలో ఆరితేరినవాళ్ళు ఇంద్రజాలికులు. బంతిని రెండుసార్లు నిజంగానే పైకి ఎగరేసి, మూడోసారి చేతిలోనే దాచేసి, లేని బంతి వెంట తల పైకెత్తుతారు. 2006లో దీన్ని ప్రయోగంగా చేసి చూస్తే, ప్రేక్షకుల్లో దాదాపు మూడింట రెండు వంతుల మంది బంతి పైకి వెళ్ళడం చూశామన్నారు. అదే ఇంద్రజాలికుడు తన చేతినే చూస్తే మూడో వంతు మందే అలా అన్నారు. చెయ్యి చేసిన పని రెండుసార్లూ ఒకటే.

వీడియో కాల్‌లో మాత్రం ఇది పనిచేయదు. మీరు పక్కకు చూస్తే అక్కడేముందో అవతలివాళ్ళకు కనపడదు, మీ ధ్యాస ఇటు లేదని మాత్రం అనుకుంటారు.

ఈ వారం పని: ఒక స్నేహితుడికి ఏదైనా బొమ్మ రెండుసార్లు వివరించండి, ఒకసారి అతని ముఖం చూస్తూ, ఒకసారి పైన చెప్పినట్టు. సంగతి ముందే చెప్పొద్దు. అతని కళ్ళు ఎప్పుడు కదిలాయో పక్కనుంచి మూడో మనిషిని గమనించమనండి, మీరే గమనించబోతే మీ చూపు మళ్ళీ అతని ముఖం మీదికే పోతుంది. రెండింటికీ తేడా కనిపించకపోతే మీ మౌనం మరీ పొట్టిదై ఉంటుంది, ఇంకాస్త సాగదీసి చూడండి. నాలుగో పాఠంలో చాలామంది ఉన్న గదిలో ఇదే చేద్దాం.